బడికి పంపే ముందు

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి. మన రాష్ట్రంలో బళ్ళు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ తిరుపతి బజారులో సంచులూ, నీళ్ళ సీసాలూ, బూట్లూ, టిఫిన్ డబ్బాలూ కొనే తల్లుల సందడి పెరుగుతూ వుంటుంది. బళ్ళు తెరిచిన వారంలో ఉదయం ఎనిమిది గంటలప్పుడు అలిపిరి నుంచి కపిలతీర్థం వైపు పోయే దారిలో ఒక్క అయిదు నిమిషాలు నిలబడి చూడండి. ఒక పక్క కొండకు వెళ్ళే బస్సులూ, జీపులూ. ఇంకో పక్క పిల్లల్ని కుక్కుకొని పోయే ఆటోలు. ఆ ఆటోల్లోంచి వారమంతా ఏడుపులే వినిపిస్తాయి. నెల తిరిగేసరికి చాలామంది సర్దుకుంటారు. కొందరు మాత్రం సర్దుకోరు. రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటారు, వాంతి చేసుకొంటారు, గుంజ పట్టుకొని వదలరు.

అలాంటి పిల్లల్ని చూసి మొండివాళ్ళనీ, గారాబం చేసి చెడగొట్టారనీ అనేస్తాం. కాస్త నిదానించి ఆలోచిస్తే, వాళ్ళలో చాలామంది విషయంలో జరిగింది ఇది: సంచీ సర్దాం గాని పసివాణ్ణి సిద్ధం చెయ్యలేదు. ఆ సిద్ధం చెయ్యటం ఎలాగో, ఏ డబ్బూ ఖర్చు కాకుండా మన ఇళ్ళల్లోనే ఎలా చేసుకోవచ్చో ఇవాళ ముచ్చటించుకొందాం.

మొట్టమొదట వచ్చే ప్రశ్న, ఎన్నో ఏట పంపాలీ అని. "ఏమక్కా, మీవాడికి మూడు నిండబోతా వుంటే ఇంకా ఇంట్లోనే పెట్టుకోనుండావే? మావాడు అప్పుడే ఏ బీ సీ డీలు గడగడా చెప్పేస్తాడు" అని పక్కింటావిడ ఒక్క మాట అంటే చాలు, ఆ రాత్రి మనకు నిద్ర పట్టదు. మర్నాడే బడి వెతుక్కొంటూ బయలుదేరతాం.

మన పెద్దలు అయిదో ఏట అక్షరాభ్యాసం చేసేవారు. విజయదశమి నాడో, వసంత పంచమి నాడో పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకొని ఓనమాలు దిద్దించేవారు. ఇప్పుడు బాసర దాకా వెళ్ళి చేయించుకొని వచ్చేవాళ్ళూ వున్నారు. మంచి ఆచారమే. అయితే, అక్షరాభ్యాసం అయిన మర్నాటి నుంచే వాడు పేజీలు నింపెయ్యాలని మాత్రం ఆ పెద్దలెవరూ కోరలేదు. అది చదువుకు శుభారంభం అంతే.

ఈనాటి మాట చూసినా అలాగే వుంది. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా గల అయిదేళ్ళ కాలాన్ని పునాది దశ అన్నది. అందులో మొదటి మూడేళ్ళూ ఆటా, పాటా, కథా. తరువాతి రెండేళ్ళూ ఒకటి, రెండు తరగతులు. ఆరేళ్ళు నిండిన పిల్లల్నే ఒకటో తరగతిలో చేర్చుకోమని కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో రాష్ట్రాలన్నింటికీ మళ్ళీ రాసింది. అంటే, రెండున్నరేళ్ళకే పరుగెత్తించినా ఒకటో తరగతి ముందుగా రాదు. ఆ బెంచీ మీద కూచునే ఏళ్ళు పెరుగుతాయి, అంతే.

ఇంకొక సంగతి కూడా తెలుసుకొని వుండండి. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలకు చదువు హక్కు. ఒకటో తరగతిలో చేర్చుకొనేందుకు పసివాడికి గాని, తల్లిదండ్రులకు గాని పరీక్షలు పెట్టి ఏరటం నేరం. మొదటిసారి చేసినందుకు 25 వేల రూపాయల దాకా, ఆ తర్వాత చేసిన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా వెయ్యవచ్చు. పుట్టిన తేదీ కాగితం లేదని కూడా చేర్చుకోకుండా వుండరాదు. "ఇంటర్వ్యూలో మీవాడు నోరు విప్పలేదమ్మా" అని ఎవరైనా మిమ్మల్ని చిన్నబుచ్చితే, ఆ మాట గుర్తుంచుకోండి. చిన్నబోవలసింది మీరూ కాదు, మీ వాడూ కాదు.

సరే, ఇహ ఇంట్లో చెయ్యవలసిన పనులకు వద్దాం. బడికి పోయే ముందు పిల్లకు అక్షరాలు ఎన్ని వచ్చు అని లెక్కపెట్టుకొంటూ వుంటాం. లెక్కపెట్టవలసింది, తన పనులు తాను ఎన్ని చేసుకోగలదు అని. చెప్పులు ఏ కాలివి ఆ కాలికి తొడుక్కోగలదా? టిఫిన్ డబ్బా మూత తియ్యగలదా, మళ్ళీ పెట్టగలదా? నీళ్ళ సీసా బిరడా తిప్పగలదా? నిక్కరు గుండీ విప్పుకోగలదా? అన్నం మనం కలిపి పెట్టకుండా తన చేత్తో తినగలదా? ఒంటికి, రెంటికి వెళ్ళి కడుక్కోగలదా? కొత్త డబ్బా కొని బడి మొదటిరోజునే చేతికివ్వకండి. పదిహేను రోజుల ముందే కొని, రోజూ మధ్యాహ్నం అందులోనే అన్నం పెట్టి, వాకిట్లో చాప మీద కూచోబెట్టి తినమనండి. మూత బిగుసుకుపోతే ఎలా తియ్యాలో అక్కడే నేర్చుకొంటుంది. ముప్పయిమంది పిల్లల మధ్య, డబ్బా మూత రాక ఆకలితో కూచున్న పిల్లకు బడి మీద ఇష్టం ఎలా పుడుతుంది చెప్పండి?

ఇక్కడే మన తిరుపతి తల్లులు ప్రత్యేకంగా చూసుకోవలసినది ఒకటి వుంది. మనది సరిహద్దు ఊరు. ఒకే వీధిలో తెలుగు మాట్లాడే ఇల్లు, తమిళం మాట్లాడే ఇల్లు, ఉర్దూ మాట్లాడే ఇల్లు పక్కపక్కనే వుంటాయి. ఒక ఇంట్లో "ఒంటికి" అంటారు, ఒక ఇంట్లో "ఒన్నుక్కు" అంటారు, ఇంకొక ఇంట్లో "పేషాబ్" అంటారు. కొన్ని ఇళ్ళల్లో ముద్దుగా వాళ్ళకు మాత్రమే తెలిసే మాట ఏదో వుంటుంది. బళ్ళో టీచరమ్మ "టాయ్‌లెట్" అంటుంది. ఈ ఒక్క మాట తెలియక సాయంకాలం దాకా బిగబట్టుకొని కూచునే పిల్లలున్నారు, బట్టలు తడుపుకొని నలుగురిలో నవ్వులపాలై మర్నాటి నుంచి బడి అంటేనే వణికిపోయే పిల్లలున్నారు. అంచేత బళ్ళో వాడే మాట ఏమిటో ముందే కనుక్కొని నేర్పండి. "నీళ్ళు కావాలి", "కడుపు నొస్తా వుంది", "వాడు కొట్టాడు" – ఈ మూడు కూడా టీచరుకు చెప్పగలిగేట్టు చూడండి. ఇంట్లో మాట్లాడే భాషను మాన్పించవద్దు. ఇంగ్లీషు బడికి పోతాడని ఇంట్లో అందరూ వచ్చీరాని ఇంగ్లీషు మొదలుపెడితే, పిల్లవాడికి రెండూ సగం సగమే వస్తాయి. అమ్మతో, అవ్వతో, తాతతో నోరారా మాట్లాడిన పిల్లకు మాటలు పుష్కలంగా వుంటాయి. ఆ మాటల మీదే కొత్త భాష నిలబడుతుంది.

మాటలు అన్నాను గనుక కథల గురించి కూడా చెప్పాలి. న్యాయపతి రాఘవరావుగారూ, కామేశ్వరిగారూ – రేడియో అన్నయ్యా, అక్కయ్యా అంటే పాతతరం వాళ్ళకు ఎవరికి తెలియదు? మద్రాసు రేడియోలో వాళ్ళు బాలానందం నడిపినప్పుడు పిల్లలు బొమ్మ లేకుండానే, ఒట్టి గొంతు విని, కథంతా మనసులో చూసుకొనేవారు. బళ్ళో జరిగేదీ అదే కదా! టీచరు చెప్పేది చెవితో విని మనసులో నిలుపుకోవాలి. రాత్రి పడుకొనేటప్పుడు పది నిమిషాలు కథ చెప్పండి. మధ్యలో ఆపి "తర్వాత ఏమై వుంటుంది?" అని అడగండి. మర్నాడు ఆ కథ వాడి చేత అవ్వకు చెప్పించండి. సెల్‌ఫోను చేతికిస్తే ఈ పని జరగదు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకు ఒక గంటకు మించి తెర ముందు కూచోకూడదనీ, పది నుంచి పదమూడు గంటలు నిద్రపోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రాత్రి పదకొండు దాకా టీవీ ముందు మనతోపాటు కూచోబెట్టి, పొద్దున్నే ఏడింటికి లేవలేదని వీపు మీద చరిస్తే తప్పెవరిది? బళ్ళు తెరవటానికి రెండు వారాల ముందు నుంచే రోజుకు కాస్త కాస్త ముందుగా పడుకోబెట్టి, ముందుగా లేపుతూ రండి. లేచిన వెంటనే ఆటో హారను కాకుండా, కడుపులో ఏదైనా పడి, పాయఖానాకు వెళ్ళి వచ్చేంత వ్యవధి వుండాలి.

ఇహ రాత సంగతి. మూడేళ్ళ పిల్ల చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకంలో రాయమంటే, ఆ వేళ్ళు నొప్పి పెడతాయి. మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడుతూ వుండే వయసది. ముందు వేళ్ళకు బలం రావాలి. అందుకు వేరే వస్తువులేమీ అక్కర్లేదు, మన వంటిల్లు చాలు. చపాతీ పిండి ముద్ద చేతికిచ్చి పిసకమనండి. శెనక్కాయలు ఒలవమనండి. సంక్రాంతి రోజుల్లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఇళ్ళల్లో పితికిపప్పు చెయ్యని ఇల్లుంటుందా! నానిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని పితికితే పప్పు టప్పున ఎగిరి గిన్నెలో పడుతుంది. పిల్లలకు అదొక పెద్ద ఆట. పెన్సిలు పట్టుకోవటానికి కావలసింది కూడా ఆ రెండు వేళ్ళే. వాకిట్లో మీరు ముగ్గు పెడుతున్నప్పుడు పక్కనే చిటికెడు పిండి ఇచ్చి గీత గియ్యమనండి. వంకరగా వచ్చిందా, రానివ్వండి. కనకాంబరాలు జతలు జతలుగా కూర్చి మీ చేతికి అందివ్వమనండి. ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్ళు ఒలక్కుండా పొయ్యమనండి.

ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు. మరియా మాంటిసోరి అనే ఇటలీ వైద్యురాలు 1907లో రోము నగరంలోని పేదల వాడలో పసిపిల్లల కోసం ఒక ఇల్లు తెరిచింది. గుండీలు పెట్టుకోవటం, నీళ్ళు పొయ్యటం, నేల తుడవటం లాంటి పనులతోనే అక్కడ చదువు మొదలయ్యేది. ఆమె 1939లో మన పొరుగున వున్న మద్రాసుకు, అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే వుండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అంతకు ముందే, 1920లో గుజరాతులోని భావనగరులో గిజుభాయి బధేకా అనే ఆయన వకీలు వృత్తి మానుకొని వచ్చి పిల్లల కోసం బాలమందిరం పెట్టారు. భయం లేని చోటనే చదువు వస్తుందని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చారు. మన ఇళ్ళల్లో అవ్వలు మనవళ్ళ చేత చేయించిన పనులకు ఈ పెద్దలు శాస్త్రం కట్టారని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఒక ముఖ్యమైన విషయం. అన్నింటికన్నా ముఖ్యమైనది కూడా. దయచేసి శ్రద్ధగా వినండి.

మా వీధిలో ఒక పాప వుంది. నాలుగేళ్ళు నిండాక బళ్ళో వేశారు. మూడు నెలలు తిరగకుండానే ఫిర్యాదులు మొదలయ్యాయి. పిలిస్తే పలకదు, చెప్పింది చెయ్యదు, పాట నేర్పితే అందరూ పాడాక తను నోరు కదుపుతుంది, వెనక బెంచీలో కూచొని కిటికీలోంచి చూస్తూ వుంటుంది. "మీ పాపకు బుర్ర తక్కువ, ఇంకో ఏడు ఇంట్లోనే పెట్టుకోండి" అన్నారు. తండ్రికి కోపం వచ్చింది. తల్లి ఏడ్చింది. అవ్వ మాత్రం ఒక మాట అన్నది: "బుర్ర తక్కువైతే నా పక్కన కూచున్నప్పుడు అన్ని కథలు ఎట్ల చెప్తాది? ఒకసారి చెవులు చూపియ్యండి." చూపిస్తే తేలింది – మాటిమాటికీ వచ్చే జలుబుల వల్ల రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి నిలిచిపోయింది. దగ్గర కూచొని మాట్లాడితే వినిపిస్తుంది, గది అవతలి నుంచి టీచరు చెబితే వినిపించదు. వైద్యం జరిగింది. కొన్ని నెలలు పట్టింది. ఇప్పుడు ఆ పాప ముందు బెంచీలో కూచొని చదువుకొంటున్నది. ఆ అవ్వ ఆ మాట అనకపోయి వుంటే? వినపడని పిల్ల మీద తెలివి లేని పిల్ల అనే ముద్ర పడి, అది అలాగే వుండిపోయేది. తనకు వినపడటం లేదని ఆ పసిదానికి మాత్రం ఎలా తెలుస్తుంది? లోకమంతా అంత మెల్లగానే మాట్లాడుతుందనుకొంటుంది.

కాబట్టి, సంచీ కొనే ముందు కళ్ళూ, చెవులూ చూపించండి. పిలిస్తే ఒక పక్కకే తిరగటం, టీవీ శబ్దం పెంచమనటం, మాట్లాడేవాళ్ళ నోటి వంకే చూడటం, చెవి కారటం – వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరకు వెళ్ళండి. చెవిలో ఆముదం, కొబ్బరినూనె పొయ్యకండి. అలాగే, బొమ్మల పుస్తకం ముక్కుకు ఆనించుకొని చూడటం, కళ్ళు చికిలించటం, తల పక్కకు వంచి చూడటం గమనించండి. మెల్లకన్ను అదృష్టమని మనవాళ్ళు అంటారు. మెల్లకన్ను వున్న పిల్లల్లో ఆ కన్ను వాడకం లేక చూపే మందగించిపోవచ్చు. చిన్న వయసులో, ఏడెనిమిదేళ్ళ లోపున చేసే వైద్యమే బాగా పనిచేస్తుంది. అదృష్టమని కూచుంటే ఆ కాలం దాటిపోతుంది.

దీనికి డబ్బు లేదని ఎవరూ వెనుకాడనక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బళ్ళల్లో ఒకసారి పిల్లల్ని పరీక్ష చెయ్యాలి. లోపం కనిపిస్తే ఆ పైన వైద్యం ఉచితం. పుట్టుకతో వినికిడి లోపం వున్న చిన్నపిల్లలకు మాటలు నేర్పటానికి మన తిరుపతిలోనే దేవస్థానంవారి శ్రవణం కేంద్రం వుంది. ఇంకా, అయిదు, ఆరేళ్ళ మధ్య వెయ్యవలసిన డీపీటీ బూస్టరు సూదిమందు చాలామంది మరచిపోతారు. నులిపురుగుల నివారణ దినాలని 2015 నుంచి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న మాత్రలు ఇస్తున్నారు. అవి తప్పకుండా వేయించండి. కడుపులో పురుగులున్న పిల్ల తిన్న తిండి ఒంటికి పట్టక, బళ్ళో తూగుతూ కూచుంటుంది.

సరే, ఒంటి సంగతి అయింది. ఇహ మనసు సంగతి.

పిల్లలు అల్లరి చేసినప్పుడు మనం అనే మాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. "ఆగు, నిన్ను బళ్ళో వేస్తే గాని బుద్ధి రాదు." "మీ టీచరుకు చెప్తాను వుండు, తాట తీస్తుంది." ఆ విధంగా ఏడాదిపాటు బడిని బూచిని చేసి చూపించి, జూన్ 12న ఆ బూచి చేతికే పిల్లను అప్పజెప్పి వస్తాం. ఏడవక ఏం చేస్తుంది? బడికి తీసుకుపోయినప్పుడు కూడా కొందరు తండ్రులు "తోలు వలిచినా పరవాలేదు సార్, కండ్లు మాత్రం మిగల్చండి" అని నవ్వుతూ అంటారు. పెద్దవాళ్ళకు అది హాస్యం. పక్కన నిలబడిన పసివాడికి కాదు. పిల్లల్ని కొట్టటం గాని, మాటలతో హింసించటం గాని చెయ్యరాదని విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ చెబుతున్నది. చట్టం వద్దన్న పనికి మనమే అనుమతి ఇచ్చి రావటం ఏమిటి?

బడి తెరవక ముందే ఒకటి రెండుసార్లు అటువైపు షికారుకు తీసుకువెళ్ళండి. గేటు, ఆవరణలో చెట్టు, నీళ్ళ కుళాయి చూపించండి. వీలైతే టీచరమ్మకు నమస్కారం చేయించండి. మన అలిపిరి దారిలోనే ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం వుంది, వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల వుంది. బోలెడుమంది పిల్లలు వుండే చోట్లు. అలాంటి చోట్లకు తీసుకుపోయి, వరసలో నిలబడటం, తన వంతు వచ్చేదాకా ఆగటం అలవాటు చెయ్యండి. ఇంట్లో ఒక్కడే పెరిగే పిల్లవాడికి ఆగటం అనే విద్య రాదు. ఇంకా, మనం లేకుండా గంటో, రెండు గంటలో పిన్ని ఇంట్లోనో, అత్త ఇంట్లోనో వుండటం నేర్పండి. "రెండింటికి వస్తాను" అని చెప్పి రెండింటికే రండి. అమ్మ పోయినా తిరిగి వస్తుందనే నమ్మకం అలా కుదురుతుంది.

అంగన్‌వాడీ అంటే కొందరికి చిన్నచూపు వుంది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద వచ్చినవే ఈ కేంద్రాలు. ఇంటికి దగ్గర, రోజుకు కొన్ని గంటలే, నలుగురు పిల్లలతో పాట, ఆట, తిండి. బడికి ముందు అలవాటు పడటానికి మంచి చోటు. మీ వీధిలోని కేంద్రం ఎలా వుందో స్వయంగా వెళ్ళి చూసి నిర్ణయించుకోండి.

మొదటిరోజున ఏం చెయ్యాలి? పిల్లవాడు అటు తిరిగి చూస్తూ వుండగా ఇటు జారుకోవటం చాలామంది చేసే పని. అలా చెయ్యకండి. తిరిగి చూసేసరికి అమ్మ లేకపోతే, ఆ తర్వాత ఏ క్షణాన మాయమవుతుందోనని కొంగు వదలడు. చెప్పి రండి. "నేను పోతున్నాను, అన్నం తిన్నాక వస్తాను" అని ఒక్కసారి చెప్పి, ముద్దు పెట్టి, వెనుదిరగకుండా వచ్చెయ్యండి. వాడు ఏడుస్తాడు. ఏడవనివ్వండి. కిటికీ దగ్గర నిలబడి మీరూ కళ్ళు తుడుచుకొంటూ వుంటే, ఇదేదో నిజంగానే భయపడవలసిన చోటనుకొంటాడు. మీ ఏడుపు ఇంటికి వచ్చి ఏడవండి, అందులో తప్పేమీ లేదు. నాలుగేళ్ళుగా చంకన వున్నది ఒక్కసారిగా దిగిపోతే తల్లికి చెయ్యి ఖాళీ అయినట్టే వుంటుంది. కాని, తీసుకురావటానికి మాత్రం అయిదు నిమిషాలు ముందే వెళ్ళండి. అందరూ పోయి తానొక్కడే మిగిలిపోయే పరిస్థితి మొదటి వారంలో రాకూడదు.

ఇంటికి రాగానే "ఏం నేర్చుకొన్నావు? ఏం రాశావు?" అని నిలదీయకండి. కాళ్ళు కడిగి, ఏదైనా తినబెట్టి, "ఎవరి పక్కన కూచున్నావు? ఎవరితో ఆడుకొన్నావు?" అని అడగండి. చెబితే వినండి, చెప్పకపోతే వదిలెయ్యండి. రాత్రి పడుకొన్నప్పుడు తానే చెబుతుంది. రెండు, మూడు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోతే, నిద్రలో ఉలిక్కిపడుతూ వుంటే, ఫలానావాళ్ళ పేరు చెబితే భయపడుతూ వుంటే, అప్పుడు మాత్రం "అదే అలవాటవుతుందిలే" అని వూరుకోవద్దు. బడికి వెళ్ళండి, అడగండి. ఆటోలో ఏం జరుగుతున్నదో, పాయఖానాకు ఎవరు తీసుకువెళుతున్నారో తెలుసుకోండి. ఒంటిమీద ఏ భాగాన్ని ఎవరూ తాకకూడదో, తాకితే వెంటనే అమ్మకు చెప్పాలని, చెబితే అమ్మ కోప్పడదని పిల్లలకు ముందే చెప్పి వుంచండి. ఏ ఆపద వచ్చినా 1098 అనే నంబరుకు ఫోను చెయ్యవచ్చు. అది పిల్లల సహాయం కోసం పెట్టిన నంబరు.

మనలాంటి ఊళ్ళో ఇంకొక జాగ్రత్త అవసరం. రోజూ వేలాదిమంది యాత్రికులు వచ్చిపోయే చోటిది. ఆ జనంలో పిల్ల చెయ్యి జారితే మళ్ళీ దొరకటం కష్టం. ఏ బీ సీ డీల కన్నా ముందు పిల్లకు రావలసినవి తన పూర్తి పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, వీధి, ఒక ఫోను నంబరు. పాటలాగా కట్టి రోజూ చెప్పించండి, వారంలో వచ్చేస్తుంది. "మీ అమ్మ రమ్మంటా వుంది" అని కొత్తవాళ్ళు పిలిస్తే వెళ్ళకూడదని చెప్పండి. 2023 ఆగస్టులో మన అలిపిరి నడకదారిలోనే, కన్నవాళ్ళతో కొండకు పోతున్న ఆరేళ్ళ పాపను చిరుతపులి పొట్టన పెట్టుకొన్నది. అంతకు ముందు జూన్‌లో మరో పసివాడు గాయాలతో బతికి బయటపడ్డాడు. ఆ పాప పోయిన తరువాత పదిహేనేళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక ఆ దారిలోకి పంపకుండా దేవస్థానంవారు నియమం పెట్టారు. తల్చుకొంటే ఇప్పటికీ గుండె చెరువవుతుంది. ఎవరినీ తప్పుపట్టటానికి ఈ మాట ఎత్తలేదు. చెయ్యి పట్టుకొని నడవటం, ముందుకు పరుగెత్తకుండా పెద్దవాళ్ళతో కలిసి వుండటం అనేవి చిన్న అలవాట్లుగా కనిపించినా, బడిదారిలోనైనా కొండదారిలోనైనా అవి ప్రాణరక్షణే అని గుర్తు చెయ్యటానికి చెప్పాను.

చివరగా సంచీ సంగతి. 2020 స్కూలు బ్యాగు విధానం ప్రకారం, ఒకటో తరగతికి ముందున్న పిల్లలకు సంచీయే అక్కర్లేదు. పెద్ద తరగతుల వాళ్ళకు కూడా ఒంటి బరువులో పదోవంతుకు మించకూడదు. ఇరవై కిలోల పిల్ల రెండు కిలోలకు మించి మోయరాదన్న మాట. ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఇవ్వవద్దని 2018 మే నెలలో మద్రాసు హైకోర్టు చెప్పింది, అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం కూడా రాష్ట్రాలకు రాసింది. మనమే "హోంవర్కు తక్కువ ఇస్తున్నారు, ఈ బడి మంచిది కాదు" అంటే, బడివాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మనం అడిగిందే ఇస్తారు.

ఇదంతా చదువుకొన్న తల్లులకే సాధ్యమని ఎవరైనా అనుకొంటారేమో. అలిపిరి పాదాల మండపం దగ్గర పూలు అమ్ముకొనే తల్లి కూడా చెయ్యగలిగిన పనులే నేను చెప్పినవన్నీ. పూలు జతలు చేయించటానికి, కథ చెప్పటానికి, వీధి పేరు నేర్పటానికి, చెప్పిన వేళకు తిరిగి రావటానికి తల్లికి అక్షరాలు వచ్చి వుండనక్కర్లేదు.

అలిపిరి నుంచి కొండపైకి దాదాపు 9 కిలోమీటర్లు, సుమారు 3,550 మెట్లు. మొక్కు వున్న ఆడవాళ్ళు ఒక్కొక్క మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టుకొంటూ ఎక్కటం మీరు చూసే వుంటారు. వాళ్ళు తొందరపడరు. పక్కవాళ్ళు దాటిపోతే బాధపడరు. మన పిల్లల చదువు కూడా పదిహేను, ఇరవై ఏళ్ళ ప్రయాణం. పక్కింటి పిల్లవాడు ఎన్నో మెట్టు మీద వున్నాడో చూడకుండా, మన పాప ఈ వారం తన చేత్తో ఏ కొత్త పని చేసుకోగలిగిందో చూసుకొందాం. జూన్ 12కు ఇంకా కొన్ని రోజులున్నాయి. టిఫిన్ డబ్బా మూత తియ్యటంతో రేపే మొదలుపెట్టండి. చెవులు, కళ్ళు చూపించటం మాత్రం మరచిపోకండి.